పాత ప్రీమియర్ పద్మినికి పట్టిన తుప్పు: ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, ఏది మేస్త్రికి అప్పగించాలి?

ఉప్పుగాలి (విశాఖపట్నం) అడిగిన ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మా ఇంట్లో ఉన్న 1987 నాటి ప్రీమియర్ పద్మిని కారును మళ్ళీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. ఇంజన్, గేరుబాక్సు, బ్రేకుల సంగతి మెకానిక్ చూసుకున్నారు కాబట్టి నా బెంగంతా ఇప్పుడు బాడీ గురించే. సముద్రానికి కిలోమీటరు దూరం కూడా లేని ఇంట్లో, పైకప్పు తప్ప గోడలు లేని షెడ్డులో ఆ బండి ఏళ్ల తరబడి కదలకుండా నిలబడి ఉంది. బయటినుంచి చూస్తే తలుపుల అడుగు అంచుల వెంట రంగు పొక్కులు లేచిందే తప్ప భయపడాల్సినంత ఏమీ కనిపించదు. సీట్లు, మ్యాట్లు తీసి, నేలకు పూసిన పాత తారు పొరను గీకి చూస్తే మాత్రం డ్రైవరు కాళ్ల కింద అరచేతి మేర అసలు రేకే లేదు. అక్కడ ఎప్పుడో ఎవరో నూనె డబ్బా రేకును రివెట్లతో బిగించి, పైన తారు పూసి వదిలేశారు. ఎడమవైపు తలుపుల కింద పొడవునా ఉండే బోలు రేకుపెట్టెను, అంటే సిల్‌ను స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోతే ముందువైపు ఖంగుమనే శబ్దం, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి అట్టపెట్టెను తట్టినట్టు మారిపోతోంది. అక్కడ మొన ఆనించి నొక్కితే లోపలికి దిగిపోతోంది.

మా దగ్గరలోని ఒక టింకరింగ్ మేస్త్రి, తుప్పు గీకేసి, చిల్లులకు గ్యాస్ వెల్డింగుతో ఇత్తడి పట్టించి, లప్పం వేసి, రంగు కొట్టి ఇస్తానంటున్నారు. నా దగ్గర యాంగిల్ గ్రైండరు, డ్రిల్లు, చిన్న కంప్రెసరు ఉన్నాయి. తొందరేమీ లేదు, ఆదివారాలు ఈ పనికే కేటాయించగలను. ఇందులో నేను స్వయంగా చేసుకోదగ్గది ఎంత? తుప్పును మార్చేస్తుందని సీసాల్లో అమ్మే ద్రావణం పూస్తే కత్తిరించే పని తప్పుతుందా? అన్నిటికంటే ముందు దేనితో మొదలుపెట్టాలి?

రేకుపని (విజయవాడ ఆటోనగర్):

ఉప్పుగాలి గారూ, తలుపుల మీది పొక్కులను ప్రస్తుతానికి మరిచిపోండి. మీ బండికి అసలు జబ్బు సిల్‌లో, నేలలో ఉంది. పద్మినికి లారీలాగా విడిగా చాసిస్ ఉండదు. నేల, సిల్లులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెగా బరువును మోస్తాయి. వెనక చక్రాల కమానుపట్టీలు బిగిసే చోట్లు కూడా ఆ పెట్టెలో భాగమే. కాబట్టి సిల్ పుచ్చిపోయిందంటే అందం చెడడం ఒక్కటే కాదు, బండి నడుము బలహీనపడిందని అర్థం. మేస్త్రి చెప్పిన పద్ధతిలో ఇత్తడి పట్టించి లప్పం వేస్తే రంగు మెరుస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి, కానీ ఆ పెట్టె బలం తిరిగి రాదు. పైగా ఇత్తడి పనిలో వాడే పొడి అతుకుల సందుల్లో మిగిలిపోయి, కడగకపోతే అదే కొత్త తుప్పుకు విత్తనం అవుతుంది. తర్వాత ఎవరైనా సరైన వెల్డింగ్ చేద్దామన్నా ఇత్తడి కలిసిన చోట వెల్డు పగుళ్లిస్తుంది కాబట్టి ఆ ముక్క మొత్తాన్ని కోసి పారేయక తప్పదు.

సిల్ కోసే ముందు తప్పనిసరిగా చేయాల్సింది ఒకటుంది. బండిని సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద, బరువు సస్పెన్షన్ మీదే పడేలా నిలబెట్టి, నాలుగు తలుపుల చుట్టూ సందులు ఎలా ఉన్నాయో కొలిచి రాసిపెట్టుకోండి. తర్వాత తలుపు తెరిచి, ముందు స్తంభానికీ మధ్య స్తంభానికీ మధ్య అంగుళం చదరపు పైపును అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి వెల్డు చేయించండి. వెనక తలుపు దగ్గరా అంతే. ఈ ఊతం లేకుండా సిల్ కోస్తే నడుము కుంగుతుంది, కుంగిన స్థితిలోనే కొత్త రేకు వెల్డయిపోతుంది, ఆ తర్వాత తలుపులు ఎంత సర్దినా పడవు. ఒక్క అరమిల్లీమీటరు వంపు తలుపు అంచు దగ్గరికి వచ్చేసరికి ఎంత పెరుగుతుందో తలుపు బిగించి చూస్తే తెలుస్తుంది. ఇంకొక నియమం: ఒకవైపు పూర్తిగా కోసి, కొత్తది వెల్డు చేసి ముగించాకే రెండో వైపు ముట్టుకోవాలి.

రేకు విషయంలో, బయటి ప్యానెళ్లకు 20 గేజ్, సిల్‌కూ నేలకూ అంతకంటే మందమైన 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్, అంటే జింకు పూత లేని ఉక్కు) రేకు తీసుకోండి. ఎలాగూ తుప్పు పట్టదని జింకు పూసిన జీఐ రేకు వాడమనేవాళ్లుంటారు. దాని మీది జింకు వెల్డింగు వేడికి తెల్లటి పొగగా లేస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రికి వణుకుతో జ్వరం వస్తుంది, వెల్డులో బుడగలు కూడా పడతాయి. పుచ్చిన చోటికి ముక్క వేసేటప్పుడు కంటికి తుప్పు కనిపించిన హద్దు దగ్గర కోయవద్దు. మెరిసే గట్టి రేకు దొరికేదాకా వెనక్కి జరిగి కోయండి, లేదంటే కొత్త రేకు అంచు చుట్టూ పాత రేకు కాగితంలా కరిగిపోతుంది.

మీరు చేసుకోదగ్గది ఎంత అని అడిగారు. విప్పడం, గీకడం, కొలవడం, పుచ్చు హద్దులు గుర్తించడం, అట్టముక్కతో నమూనాలు కత్తిరించుకోవడం, వెల్డింగు అయ్యాక ప్రైమరు, సీలెంటు, లోపలి పూత అంతా మీరే చేసుకోవచ్చు. పనిలో ఎక్కువ గంటలు తినేవి అవే. మేస్త్రులు కూలీ గిట్టక తొందరపడేది కూడా అక్కడే. సిల్ వెల్డింగు మాత్రం సీఓటూ (కార్బన్ డయాక్సైడు గ్యాసుతో, తీగతో వెల్డు చేసే) మిషను ఉన్న, బాడీ పనిలో చెయ్యి తిరిగిన మనిషికి అప్పగించండి.

పూతపని (సికింద్రాబాద్):

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, రంగు వైపునుంచి కొంత చేర్చుతాను.

సీసాలో అమ్మే తుప్పు మార్పిడి ద్రావణాల్లో సాధారణంగా ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో ఉంటుంది. ఇవి ఇనుప ఆక్సైడును కొంతవరకు స్థిరమైన పదార్థంగా మార్చే మాట నిజమే, కానీ తడి తగిలిన మందం మేరకే ఆ మార్పు జరుగుతుంది. పొరలు పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, అడుగున ఉన్నది తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి గ్రైండరుకు వైరు కప్పు బ్రష్షు పెట్టి, పెచ్చులన్నీ రాలగొట్టి, చిన్న చిన్న గుంటల్లో మాత్రం మిగిలిన నల్లటి చుక్కల కోసం ఈ ద్రావణాన్ని వాడండి. ఫాస్ఫారిక్ రకమైతే సీసా మీద చెప్పిన విధంగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆమ్లం మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమరు సరిగ్గా పట్టుకోదు. సిల్‌కు మాత్రం ఏ ద్రావణమూ ప్రత్యామ్నాయం కాదు, లేని రేకును ఏ రసాయనమూ పుట్టించలేదు.

కీళ్లు, బ్రాకెట్ల వంటి చిన్న ఇనుప భాగాలకు ఇంట్లోనే ఒక చక్కటి పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టెలో చాకలి సోడా కలిపిన నీళ్లు పోసి, బ్యాటరీ చార్జరు మైనస్ తీగను శుభ్రం చేయాల్సిన భాగానికి, ప్లస్ తీగను ఒక పాత ఇనుప ముక్కకు తగిలించి, రెండూ తగలకుండా నీళ్లలో ముంచితే తుప్పు వదులై ఊడొస్తుంది, గట్టి ఇనుము మాత్రం అరగదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు కూడా వెలువడుతుంది కనుక ఈ పని ఆరుబయటే, నిప్పుకు దూరంగా చేయాలి.

ఇక లప్పం. మన దగ్గర చాలా షెడ్లలో లప్పాన్ని నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దుతారు. ధూళి లేవదు, చేతికి హాయిగా ఉంటుంది, కాని హార్డెనరు కలిపి వేసే పాలియెస్టరు లప్పం స్పాంజిలాగే నీళ్లు పీలుస్తుంది. ఆ నీరు ఆరకముందే మీద రంగు పడితే, ఏడాది తిరిగేలోపు అదే చోట పొక్కులు లేస్తాయి, మేస్త్రి రంగు కంపెనీని తిడతాడు, రంగు దుకాణంవాడు మేస్త్రిని తిడతాడు. లప్పాన్ని పొడిగానే రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. అది కూడా ఉట్టి రేకు మీద కంటే రెండు డబ్బాల్లో వచ్చే, కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు మీద వేస్తే, కింద రేకుకు ఒక తెర ఉంటుంది. లప్పం మందం 3 మి.మీ. దాటవలసి వస్తోందంటే రేకును ఇంకా సుత్తితో, వెనక ఆనించే ఇనుప దిమ్మ (డాలీ)తో సరిచేయాల్సి ఉందని అర్థం. మామూలు రెడ్ ఆక్సైడు ఒక్కటే పూసి నెలల తరబడి వదిలేయకండి, దానిలోంచి తేమ దిగుతుంది.

ఇంట్లో పీయూ (పాలీయురెథేన్) రంగు కొట్టాలనే ఆలోచన మాత్రం వద్దు. దాని హార్డెనరులోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు ప్రమాదకరం, బయటినుంచి గాలి అందించే ముసుగు లేకుండా ఎవరూ కొట్టకూడదు, గుడ్డ మాస్కులు దానికి చాలవు. ఎపాక్సీ వరకు బ్రష్షుతోనో, ఆవిరిని వడగట్టే డబ్బా ఉన్న సరైన క్యాట్రిడ్జి మాస్కుతోనో ఇంట్లో చేసుకొని, పైరంగుకు రంగు కొట్టే ప్రత్యేక గది (స్ప్రే బూత్) ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి.

ఉప్పుగాలి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే సిల్ వెల్డింగు బయట చేయిస్తాను. నేలలోని చిన్న ముక్క మాత్రం అద్దెకు తెచ్చిన సీఓటూ మిషనుతో నేనే వేయాలని ఉంది. పనికిరాని రేకుల మీద ముందు చేయి తిప్పుకుంటాను. జాగ్రత్తలేమైనా చెప్పగలరా? మరొక సందేహం: మా ఊళ్లో రాత్రి గీకిన రేకు తెల్లారేసరికి ఎర్రబడుతోంది. వానాకాలం ముగిసేదాకా ఆగాలా?

రేకుపని:

నేలముక్క నేర్చుకోవడానికి మంచి చోటే, వంకరపోయినా మ్యాటు కింద ఉంటుంది. 0.8 మి.మీ. వెల్డింగు తీగ, వీలైతే ఆర్గాన్ కలిసిన గ్యాసు వాడండి. ఒట్టి సీఓటూతో పలుచని రేకు తొందరగా చిల్లుపడుతుంది. గీత గీసినట్టు ఏకధాటిగా వెల్డు లాగవద్దు. ఒక మూల చుక్క, ఎదుటి మూల చుక్క, తర్వాత మధ్యలో చుక్క పెడుతూ, ప్రతి చుక్కా చేయి ఆనించగలిగేంత చల్లబడ్డాక పక్కది పెడుతూ, చివరికి చుక్కలన్నీ కలిసిపోయేలా చేయండి. తొందరపడి లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది, ఆ తర్వాత దాన్ని చదును చేయడం కొత్త ముక్క వేయడం కంటే కష్టం. ముక్క పాత రేకు మీద అంచు ఎక్కేలా వేస్తుంటే, ఒకదానిమీద ఒకటి పడే భాగానికి వెల్డును తట్టుకునే జింకు ప్రైమరు ముందే పూయండి, తర్వాత అక్కడికి బ్రష్షు చేరదు.

వెల్డింగుకు ముందు బ్యాటరీని తీసేయండి, పెట్రోలు ట్యాంకును విప్పి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు కదా అని ధీమా పడవద్దు, నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. మీ బండి నేలకు తారు ఉందన్నారు. వెల్డు పడే చోటికి రెండువైపులా జానెడు మేర దాన్ని పూర్తిగా గీకండి, అది కిందివైపునుంచి నెమ్మదిగా అంటుకుంటుంది. పని ముగిశాక గంటసేపు అక్కడే ఉండండి, పక్కన నీళ్ల బకెట్టు, తడి గోనెసంచి ఉండాలి.

పూతపని:

తెల్లారేసరికి ఎర్రబడడం మీ తీరంలో సహజం. గాలిలోని ఉప్పు రేకు మీద పడి తేమను పట్టి ఉంచుతుంది. రేకును ముందు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆ తర్వాతే గీకడం మొదలుపెట్టండి, లేకపోతే బ్రష్షు ఆ ఉప్పును గుంటల్లోకి ఇంకా లోతుగా రుద్దుతుంది. ఒక రోజులో ఎంత చోటికి ప్రైమరు వేయగలరో అంతే గీకండి, బండి మొత్తం ఒకేసారి గీకి వదిలేయవద్దు. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజున ప్రైమరు వేయవద్దు. కోస్తాలో నవంబరు దాకా వానలు వెంటాడతాయి కాబట్టి విప్పడం, కొలతలు, నమూనాలు ఇప్పుడు ముగించి, జనవరి నుంచి మార్చి మధ్యలో రంగుపని పెట్టుకోండి.

తీరవాసి (కాకినాడ):

ఆలస్యంగా చూశాను. చెప్పవలసినవి చాలావరకు చెప్పేశారు, ఒక్కటే మిగిలింది. సిల్ అయినా తలుపైనా తుప్పు పట్టేది లోపలినుంచే. అద్దాల రబ్బరు పక్కనుంచి దిగిన వాననీరు తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో, రంగుతో పూడిపోతే తలుపే తొట్టె అవుతుంది. కొత్త సిల్ వేయించేటప్పుడు అడుగున నీరు కారే రంధ్రాలు ఉంచమని గట్టిగా చెప్పండి, చాలామంది మూసేస్తారు. రంగంతా ఆరాక, పొడవాటి గొట్టం ఉన్న గన్నుతో సిల్ లోపలికి, తలుపుల లోపలికి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి. రంగు కంటే మన తీరంలో బండిని కాపాడేది అదేనని నా అభిప్రాయం. అడుగున గట్టి తారు మాత్రం మళ్ళీ పూయవద్దు. అది పగిలి, పగులులో నీరు చేరితే బయటికి కనిపించదు, మీ నేల పుచ్చింది ఆ చాటునే.

తలుపుల పైరేకు గురించి కూడా ఒక మాట. అడుగు అంచు మాత్రమే పోయి ఉంటే దానికి పట్టీ వేయించండి, మొత్తం తలుపు కోసం వెతుక్కోవద్దు. ముంబైలో పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి, అవి తిరిగినంత కాలం దొరికినట్టు పాత తలుపులు ఇప్పుడు దొరకవు. దొరికినవి కూడా తరచూ మీ తలుపుకంటే ఎక్కువ లప్పంతో ఉంటాయి. అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకొని వెళ్లండి, అది అంటుకోని చోటల్లా లప్పమే.

పోతే, 15 ఏళ్లు దాటిన బండి కనుక ఆర్‌సీని ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలన్నది మీకు తెలిసే ఉంటుంది. రంగు మార్చే ఉద్దేశం ఉంటే డబ్బా కొనకముందే రవాణా కార్యాలయంలో దరఖాస్తు చేసి, కొత్త రంగును ఆర్‌సీలో ఎక్కించుకోండి. పాత రంగే వేయిస్తే ఆ తిరుగుడు తప్పుతుంది. సిల్ పని జరిగేటప్పుడు ఊతం పైపులతో సహా ప్రతి దశనూ ఫొటోలు తీసి ఉంచుకోండి. ఫిట్‌నెస్ దగ్గర ఎవరైనా అడిగితే చూపించవచ్చు, తర్వాత బండి కొనేవారికి లప్పం కింద ఏముందో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.