పాత బీరు కెగ్‌తో నిమ్మగడ్డి నూనె బాయిలర్: చెయ్యొచ్చా?

జీడితోట_కుర్రాడు: కంచరపాలెంలో పాత సామాన్ల కొట్లో 50 లీటర్ల స్టీలు బీరు కెగ్ (పీపా) దొరికింది. బాయిలర్ చేసి మేడ మీద నిమ్మగడ్డి నూనె తీద్దామని ఉంది. అయస్కాంతం అంటలేదు, అంటే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలే కదా? పైన గొట్టం వెల్డింగ్ చేయించి అందులో రాగి జాలీ పెడతా. సలహా చెప్పండి.

ఆటోనగర్_టిగ్: అంటకపోతే 304 అని ఎవరన్నారు తమ్ముడూ? 202 రకం స్టీలుకీ అంటదు. కెగ్‌లు మామూలుగా 304తోనే చేస్తారు, అది వేరే సంగతి. నీ పరీక్ష మాత్రం తప్పు. ముందు వాల్వు నొక్కి లోపలి గ్యాసంతా వదిలెయ్. వదలకుండా రింగు ఊడదీశావంటే మధ్య గొట్టం తూటాలా లేచి మొహానికి తగుల్తాది. వెల్డింగప్పుడు లోపల గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు నింపకపోతే అతుకు వెనక నల్లగా పెచ్చు కడతాది, తుప్పు అక్కడే మొదలు.

గాజువాక_304: 304కి అసలు అంటదని కాదండీ. ఒత్తి వంచిన చోట కాస్త లాగుతుంది.

ఆటోనగర్_టిగ్: నేను చెప్పింది 202 గురించి.

గాజువాక_304: నేను చెప్పేదీ స్టీలు గురించే.

మర్రిపాలెం_మావయ్య: మా పక్కింటాయన మేడ మీద ఇదే పెడితే మూడ్రోజులు మా దుప్పట్లన్నీ నిమ్మగడ్డి వాసన. నంబర్లు తర్వాత, ముందు పక్కింటోళ్ళని అడుగు బాబూ.

పెందుర్తి_సుబ్బలక్ష్మి: కెగ్ బీరు కంపెనీ సొత్తు. ఖాళీ చేసి వెనక్కివ్వాలి. కొట్టుకెలా వచ్చిందో బిల్లు అడిగావా?

ఆటోనగర్_టిగ్: ఇంకోటి. నిమ్మగడ్డికి రాగితో పనేటి? పులిసిన ఊట కాచినప్పుడు వచ్చే గంధకం కంపు పోడానికి పెడతారు రాగి. నూనెకి కావాల్సింది, గడ్డి నీళ్ళలో మునక్కుండా చిల్లుల పళ్ళెం. అది నువ్వు అడగనేలేదు. నాటకాలాడకు.

జీడితోట_కుర్రాడు: సరే అన్నా, దాపరికమెందుకు. మాకు శ్రీకాకుళం వైపు జీడితోట. గింజ కొంటారు, పండు చెట్టు కిందే కుళ్ళిపోద్ది. గోవావాళ్ళు అదే పండుతో ఫెని అనే మందు చేసి 2009లో జీఐ (ఆ ఊరి సరుకని భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్నారు. మనం చేస్తే సారా, కేసు!

అనకాపల్లి_బెల్లం: నిజం. మా నాన్న నల్లబెల్లం నాలుగు దిమ్మలు ఎక్కువ అమ్మాడని సారా కాపుకేనంటూ నెల్లాళ్ళు తిప్పారు. సామాను చూసి దొంగంటే ప్రతి ఇంట్లో కుక్కరుంది.

ఆటోనగర్_టిగ్: ఫెనికి గోవాలో లైసెన్సులుంటాయి. ఇక్కడ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కాస్తే నేరమే, మేడైనా తోటైనా.

పెందుర్తి_సుబ్బలక్ష్మి: లైసెన్సుంటే మంచిదైపోద్దా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అప్పట్లో తిరగబడింది సర్కారు వేలం పాడిచ్చిన సారా కొట్ల మీదే కదా.

ఆటోనగర్_టిగ్: అమ్మా, చట్టం పక్కన పెట్టండి. మా పెద్దన్నకి సారా తాగి చూపు పోయింది. ‘ఇంటి సరుకే, భయం లేదు’ అని పోశారు. అందుకే రాగి జాలీ అనగానే నా ఒళ్ళు మండింది.

అనకాపల్లి_బెల్లం: అయ్యో. కానీ అన్నా, అది కల్తీ. కాపు తప్పు కాదు.

ఆటోనగర్_టిగ్: కాచినోడూ అదే అన్నాడు.

జీడితోట_కుర్రాడు: ... రాగి జాలీ మానేస్తా. 10 కిలోల గడ్డికి నూనె ఎంతొస్తుందన్నా?

ఆటోనగర్_టిగ్: 30, 40 మి.లీ. వస్తే గొప్ప. ఆవిరి పోయే దారికి ఎక్కడా వాల్వు పెట్టకు, గడ్డి అడ్డం పడనివ్వకు. మూసుకుందంటే అది బాయిలర్ కాదు, బాంబు. పళ్ళెం నేనే చేసిస్తా, షెడ్డుకి రా. తోటకి పట్టుకెళ్తానంటే మాత్రం రావద్దు.

గాజువాక_304: వెళ్ళే ముందు వంపు దగ్గర అయస్కాంతం పెట్టి చూసి చెప్పండి.