రాతలో సరదా తిరిగి రావాలంటే పాఠకుల్ని పక్కన పెట్టాలా?

సిరాచుక్క:
సూటిగా చెప్తాను. కథలు రాయడంలో సరదా పోయినవాళ్లకి నా సలహా ఒక్కటే, కొన్నాళ్లు ఎవరికీ చూపించకుండా రాయండి. పోటీలు, లైకులు, సంపాదకుల అభిప్రాయాలు అన్నీ ఆపేయండి. మొదటి వాక్యం పూర్తికాకముందే "ఇది వాళ్లకి నచ్చుతుందా" అనే ఆలోచన దూరిందంటే, ఆ కథలో మనమే ఆశ్చర్యపోయే చోటు ఇక మిగలదు.

నా కథ ఒకటి చాలాకాలం కదలకుండా పడి ఉండేది. కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి కథ. అనుకున్న ప్రకారం ఆయన కిటికీ దగ్గర కూర్చుని కుమిలిపోవాలి. ఎవరికీ పంపేది లేదని గట్టిగా అనుకుని రాసిన రోజున ఆయన లేచి వెళ్లి, పక్కింటివాళ్ల సైకిల్ బెల్లు విప్పి జేబులో వేసుకున్నాడు. ఎందుకో నాకూ తెలీదు. తెలుసుకోవాలనే తర్వాతి పేజీ రాశాను. చదివేవాళ్లు మనసులో ఉంటే ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచేవాడే కాదు.

మూడోప్రతి:
సిరాచుక్క గారూ, బెల్లు చాలా బాగుంది. వాదన మాత్రం ఒప్పుకోలేను. రాతే జీవనాధారమైనవాళ్లు చూపించకుండా ఎలా ఉంటారు? సీరియల్ భాగం రేపటికి ఇవ్వాలంటే సరదా పుట్టేదాకా ఆగడం కుదరదు. పైగా అది ముందు రాదు, పని మధ్యలో వస్తుంది. సంభాషణ ఎంతకీ కుదరక, చివరికి ఒక్క మాట కొట్టేస్తే సన్నివేశమంతా నిలబడుతుంది చూడండి, ఆ క్షణం కోసమే నేను రాస్తున్నాను.

కావాలంటే కష్టమైన నియమం ఒకటి పెట్టుకోండి. 1960లో పారిస్‌లో కొందరు రచయితలు, గణితజ్ఞులు కలిసి ఊలిపో అనే బృందం పెట్టారు. వాళ్ల పనే అది. ఆ బృందంలో ఒకాయన, ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే 'ఇ' (e) అక్షరం ఒక్కసారి కూడా రాకుండా 1969లో నవల మొత్తం రాశారు. అదీ ఆటే, అచ్చు వేయించి మరీ ఆడిన ఆట.

అనగనగా:
ఒంటరిగా కూర్చుంటే సరదా వస్తుందన్నది నాకు మింగుడుపడటం లేదండీ. నేను రాయను, ఇంట్లో పిల్లలకి చెప్తాను. ఏనుగు చెరువులోకి దిగబోతుంటే మా చిన్నది అడ్డుపడింది: "దానికి నీళ్లంటే భయం కదా, నిన్న చెప్పావుగా!" నిన్న నేను ఆ మాట అననేలేదు. అయినా ఏనుగుకి భయం పట్టుకుంది. దాంతో వంతెన కావాల్సొచ్చింది, వంతెనకి కాపలాగా ఒక కప్ప వచ్చింది. వినేవాళ్లు లేకుంటే ఆ కప్ప ఎక్కడిది?

సిరాచుక్క:
అనగనగా గారూ, మీ చిన్నది మార్కులు వేయదు. తనూ మీతో కలిసి ఆడుతోంది. నేను వద్దంటున్నది తీర్పు చెప్పేవాళ్లని.

1973లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఉంది. స్టాన్‌ఫర్డ్‌లోని శిశుపాఠశాలలో, బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లల్ని తీసుకున్నారు. గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత, ఏం ఆడుకోవాలో పిల్లల ఇష్టానికే వదిలేసి గమనించారు. ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. నాకు ఇందులో నా తరం రచయితలు కనిపిస్తారు. చాలా బాధగా ఉంటుంది.

మూడోప్రతి:
అదే ప్రయోగంలో ఇంకో గుంపు సంగతి మీరు వదిలేశారు. వాళ్లకీ అదే పత్రం ఇచ్చారు, కాకపోతే ముందు చెప్పకుండా, గీయడం అయ్యాక. వాళ్ల ఇష్టం తగ్గలేదు. అంటే మెప్పు రావడం వల్ల చెడింది ఏమీ లేదు. దాని కోసం గీయడం వల్లే చెడింది. కథని చూపించండి, ఫలితం కోసం రాయకండి అంటాను.

సిరాచుక్క:
చెప్పడం తేలిక. 1985లో మనస్తత్వ శాస్త్రవేత్త థెరిసా అమబిలే 72 మంది రచయితలతో చేసిన పరిశీలన చూడండి. పేరు, డబ్బు లాంటి బయటి కారణాల్ని వరసలో పేర్చమని కొందరిని అడిగి, వెంటనే చిన్న కవిత రాయించారు. ఆ కాసేపటి ఆలోచనకే వాళ్ల కవితల్లో సృజన తగ్గిందని తీర్పరులు తేల్చారు. అంత కొద్దిసేపటికే అలా అయితే, రోజంతా లైకులు చూసుకునేవాళ్ల మాటేమిటి?

మూడోప్రతి:
ఇది బలమైన మాటే, కాదనను. కానీ కాసేపట్లో తగులుకున్నది కాసేపట్లో వదిలించుకోవచ్చనీ అనుకోవచ్చుగా? రాసే ముందు ఫోన్ వేరే గదిలో పెట్టేస్తే నాకు చాలావరకు సరిపోతోంది. ప్రచురణ మానాల్సిన పని లేదు.

గాలిమర:
మొదటి ప్రతి మనకోసం, రెండోది పాఠకుల కోసం అనుకుంటే మీ ఇద్దరికీ తగువే ఉండదేమో?

మూడోప్రతి:
అలా విడదీస్తే దిద్దుబాటు శిక్షలా మారుతుంది. కథని చివర్నుంచి మొదలుపెడితే ఎలా ఉంటుంది, చెప్పేవాణ్ణి మారిస్తే ఏమవుతుంది... నాకు అసలు ఆట అక్కడే.

సిరాచుక్క:
దిద్దుబాటు గురించి మీరన్నది నిజం. అనగనగా గారి మాట కూడా తీసుకుంటున్నాను: ఈసారి కథ పూర్తయ్యాక ఎక్కడా పెట్టకుండా, ముందు ఒక స్నేహితురాలికి చదివి వినిపిస్తాను, ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తుందో చూస్తాను. మొదటి ప్రతి విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. అది పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించను.