పిన్ను గన్ను ఒకటి కొడితే ఒకటి ఉత్తగ పోతుంది, ఎవరికన్నా ఎరుకేనా?

దేవరకొండ_చెక్కపని
అన్నలకు నమస్తే. కప్‌బోర్డులు, వార్డ్‌రోబ్‌ల పని చేస్త. గాలితోని పిన్నులు కొట్టే నా ఎఫ్-30 గన్ను కొని రెండేండ్లయితుంది, వారం సంది సతాయిస్తుంది. పొద్దుగాల కంప్రెషర్ నిండినంక మొదటి పది దెబ్బలు ఉత్తవే. టప్ మని సప్పుడొస్తది, ప్లైవుడ్ మీద చూస్తే పిన్ను ఉండదు. తర్వాత ఒకటి పడ్తది, రెండోది పడదు. పడ్డది కూడ తల రెండు మిల్లీమీటర్లు బయటనే ఉంటది, సుత్తె పట్టుకోవాల్సిందే. గాలి ఒత్తిడి ఆరు కేజీలు పెట్టిన, ఏడు పెట్టిన, ఎనిమిది కూడ పెట్టి చూసిన. ఫరక్ లేదు. పిన్నుల డబ్బా మార్చిన. ఇంటి ఓనరేమో గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని కూసున్నడు. కొత్తది కొనమంటున్నరు గని, ముందుగాల ఇది ఎందుకిట్ల చేస్తుందో తెల్వాలె.

కొల్లాపూర్_డబ్బాలు
పైపు ఎంత పొడుగు తమ్మీ? మా దగ్గర మామిడికాయల డబ్బాలు కొట్టేటప్పుడు గిట్లనే అయింది. కంప్రెషర్ గేజీల ఆరు చూపిస్తుండె, గన్ను దగ్గర నాలుగు కూడ లేదు. సన్న పైపు ముప్పై మీటర్లు గుంజినం. పైపు నడుమ ఒక కాడ బండి ఎక్కి చపాతీ అయింది.

దేవరకొండ_చెక్కపని
పది మీటర్లే అన్నా. కొత్త పైపే.

జడ్చర్ల_ప్యాలెట్
ఎనిమిది కేజీలు ఎందుకు పెట్టినవు నాయనా! గన్ను మీద రాసుంటది చూడు. ఈ సన్న గన్నులు నాలుగు నుంచి ఏడు నడుమ పనిచేస్తయ్. పిన్ను దిగకపోతే గాలి పెంచుడు అందరం చేసే తప్పే, నేను కూడ చేసిన. ఏడుకు కూడ దిగలేదంటే గాలి తక్కువై కాదు, లోపల ఏదో పట్టుకుని. పెంచినకొద్ది పిస్టన్ పోయి కింద రబ్బరును గుద్దుకుంటది, అది పలుగుతది. అప్పుడు ఒక రోగానికి రెండు రోగాలు.

పాలమూరు_కంప్రెషర్
నాది రిపేరు దుకాణం. తమ్మీ, నేను అడిగిన దానికి జవాబు చెప్పు, తర్వాత విప్పుదువు.
గాలి పైపు తగిలించి, ట్రిగ్గర్ ముట్టకుండ చెవి దగ్గర పెట్టి విను. ట్రిగ్గర్ దగ్గర సుయ్ మంటుందా? అంటే ట్రిగ్గర్ వాల్వుల ఓ-రింగు (గాలి లీకు ఆపే గుండ్రటి రబ్బరు) పోయింది. నెత్తి మీద గాలి బయటికి పోయే రంధ్రం నుంచి వస్తుందా? అయితే హెడ్ వాల్వు (పిస్టన్ మీదికి గాలి వదిలేది) సరిగ్గ కూసుంటలేదు. ఆ రెండూ లేకుంటే గన్నును పాత చెక్క మీద ఆనించి, ట్రిగ్గర్ నొక్కి అట్లనే పట్టు. ముక్కుల నుంచి, అంటే పిన్ను బయటికొచ్చే కాడ, గాలి ఆగకుండ వస్తే పిస్టన్ ఓ-రింగు, లేకుంటే బంపర్ (పిస్టన్ గుద్దుకునే కింది రబ్బరు).
ఇంకోటి. పైపు పీకు. పీకినంక పిన్నులు తీయి. తీసినంక ముక్కు మూత తెరిచి చూడు, పిన్నును కొట్టే పట్టీ పైకి పోయి దాసుకుందా, లేక సగం కిందనే ఏలాడుతుందా?

దేవరకొండ_చెక్కపని
ట్రిగ్గర్ దగ్గర ఏం లేదు. నెత్తి మీద నుంచి మొదట్ల సుయ్ మంటది, రెండు మూడు సార్లు కొట్టినంక బందయితది. పట్టీ మాత్రం కిందనే ఉందన్నా, చిటికెన వేలు గోరంత బయట కనబడుతుంది. స్క్రూడ్రైవర్ తోని నూకితే పైకి పోతలేదు, బలం పెట్టాల్సొచ్చింది.

పాలమూరు_కంప్రెషర్
దొరికింది. ఉత్త దెబ్బలు అందుకే. పట్టీ పూర్తిగ పైకి రాకపోతే దాని కిందికి కొత్త పిన్ను జరగదు, దారికి అడ్డంగ అదే ఉంటది కద. నువ్వు నొక్కుతవు, లోపల పిన్నే లేదు, టప్. దిగినది తల బయట పెట్టుడు కూడ దానికే, పిస్టన్ పూర్తి దూరం ఉరికితేనే దెబ్బల బలం ఉంటది.
మంచి గన్నుల పట్టీని వేలుతోని నూకితే బిగువుగ ఉన్నా నున్నగ జారాలె. నీది పట్టుకుంది. నూనె ఏం పోస్తున్నవు?

దేవరకొండ_చెక్కపని
పోయలేదన్నా. నూనె మరకలు లామినేట్ మీద పడ్తయని.

మిర్యాలగూడ_సోఫా
ఈ మరకల మాట నిజమే బావా, నేను దెబ్బ తిన్నా. నాది యు-పిన్నుల గన్ను, సోఫా బట్ట కొట్టేది. ఎవరో చెప్పారని పొద్దున్నే ఐదారు చుక్కలు పోసి నేరుగా పని మొదలుపెట్టా. లేత గోధుమ రంగు వెల్వెట్టు, పెళ్లి సోఫా. పైనుంచి నూనె తుంపర్లు పడి దద్దుర్లు లేచినట్టయింది. మొత్తం బట్ట నా జేబులోంచే మార్చా. అప్పటినుంచి పని ముగిశాక సాయంత్రం రెండే రెండు చుక్కలు, గాలి పైపు తగిలించే చోట. ఆ తర్వాత పనికిరాని చెక్క మీద పది పదిహేను పిన్నులు కొడతా, గన్ను నెత్తిన పాత గుడ్డ కప్పి. తెల్లారి ఒక్క తుంపర రాదు.
అసలే పోయకుండా నడిపితే మాత్రం రబ్బర్లు ఎండిపోతాయి.

జడ్చర్ల_ప్యాలెట్
మా దాంట్ల కంప్రెషర్ దగ్గర నూనె గిన్నె ఉంటది, గాలితో పాటే వస్తది. ప్యాలెట్‌కు మరక పడ్డా అడిగేటోడు లేడు. పోలేపల్లి మందుల కంపెనీలకు ఇస్తం, వాళ్లు అడిగేది కట్టెను కాల్చినమా (వేడి పట్టించినమా) లేదా అనే. ఎగుమతి పెట్టెల కట్టె లోపలిదాకా 56 డిగ్రీలు ఎక్కి అరగంట ఉండాలె. కాల్చిన కట్టె ఎండి గట్టిపడ్తది, మొల దిగదు, అప్పుడు తెలుస్తది మన గన్ను సత్తా. అది వేరే కథ.

పాలమూరు_కంప్రెషర్
ఒక్క మాట. నూనె అంటే బండిల పోసేది కాదు. ఇంజన్ ఆయిల్ల వేరే మందులు కలుపుతరు, గన్ను లోపల జిగురు పట్టుకుంటది. గాలి పనిముట్ల నూనె అని అడగండి, 32 నంబరుది, పల్చగ ఉంటది. తుప్పు వదిలించే స్ప్రే అసలే కొట్టొద్దు, అది ఉన్న గ్రీజును కూడ కడిగి పారేస్తది. తమ్మీ, నూనె పోయలే అన్నవు, వేరే ఏమన్నా పోసినవా? నిజం చెప్పు.

దేవరకొండ_చెక్కపని
పది రోజుల కింద దుమ్ము పట్టిందని గాలి పోయే కాడ థిన్నర్ పోసి కడిగిన అన్నా. పాలిష్‌కు వాడే థిన్నర్. మంచిగ తెల్లగ అయింది.

మిర్యాలగూడ_సోఫా
అయిపోయింది 😄

పాలమూరు_కంప్రెషర్
ఓ-రింగు థిన్నర్ తాగి ఉబ్బింది. విప్పు. నెత్తి మీద నాలుగు ఎలెన్ బోల్టులు, కొంచెం కొంచెం ఎదురెదురుగ వదులు చేయి. మూత లేపేటప్పుడు మీద అరచేయి పెట్టు, లోపల స్ప్రింగు ఉంది, ఎగిరి పోయిందంటే రంపపు పొట్టుల ఎతుక్కుంట కూసుంటవు. తీసినవి తీసినట్టే తెల్ల గుడ్డ మీద వరుసగ పెట్టు, ఫోన్‌ల ఫోటో కొట్టుకో.

దేవరకొండ_చెక్కపని
విప్పిన. పిస్టన్ మీది రింగు గాడిల ఇమడకుండ మెలికలు తిరిగి ఉంది, ఉడికిన సేమ్యా లెక్క. గోరుతోని ఒత్తితే మెత్తగ గుంట పడ్తుంది. హెడ్ వాల్వు రింగు కూడ కొంచెం ఉబ్బింది. ఇంకా కింద నల్లటి రబ్బరు పొడి ఉంది, మిరియాలు దంచినట్టు. పాత రింగు పట్టుకుని దుకాణానికి పోతున్న.

పాలమూరు_కంప్రెషర్
ఆగు ఆగు. ఆ రింగు పట్టుకుపోవద్దు! ఉబ్బిన రింగును కొలిచి అంతే సైజు ఇస్తడు, కొత్తది కూడ పట్టుకుంటది. మళ్ల నన్నే తిడ్తవు. గన్ను మోడల్ నంబరు చెప్పి రింగుల కిట్టు అడుగు. దొరకకుంటే పిస్టనూ సిలిండరూ రెండూ పట్టుకపో, వెర్నియర్ తోని గాడిని, సిలిండర్ లోపలి వెడల్పును కొలిపించు. రింగు ఎక్కించినంక పిస్టన్ అంచుకంటె వెంట్రుకంత బయటికి రావాలె, సిలిండర్ల వేలుతోని నూకితే జారాలె. నైట్రైల్ రబ్బరు అడుగు. నల్లా వాషర్ పెట్టి పంపిన మహానుభావులున్నరు నల్లగొండల, పేరు చెప్ప.
ఆ నల్ల పొడి బంపర్‌ది. ఎనిమిది కేజీలు పెట్టినవు కద. అది కూడ మార్చు.

కొల్లాపూర్_డబ్బాలు
కంప్రెషర్ కింద నీళ్లు ఎప్పుడు వదిలినవు తమ్మీ? ఎవరూ అడుగుతలేరు.

దేవరకొండ_చెక్కపని
కింద నట్టు ఉంటది అదేనా? ఎప్పుడూ తిప్పలే.

పాలమూరు_కంప్రెషర్
రెండేండ్లా! చూడు, ఏడు కేజీల గాలి అంటే ఎనిమిది బిందెల గాలిని ఒక్క బిందెల కుక్కుడు. ఎనిమిది బిందెలల్ల ఉన్న తేమంత ఆ ఒక్కదాంట్ల ఇమడదు, చల్లబడంగనే నీళ్లయి అడుగుకు దిగుతది. ఎండాకాలం మన పాలమూరు గాలి ఎండిపోయి ఉంటది గనుక తక్కువ. వానలు పడ్డంక చూడు, సాయంత్రానికి గిలాసెడు. ఆ నీళ్లే పైపుల పడి గన్నుకు పోతయ్, గ్రీజు కడుక్కపోతయ్, స్ప్రింగుకు తుప్పు పడ్తది. పని అయిపోయినంక గాలి రెండు కేజీలకు దిగంగనే కింది నట్టు వదులు. మొత్తం ఒడిసినంక కాదు, కొంచెం గాలి ఉంటేనే మురికితో సహా ఊడ్చుకొస్తది.

మిర్యాలగూడ_సోఫా
గాలి లోపలికి పీల్చుకునే స్పాంజి కూడా చూడండి. మా షాపు పక్కనే రైసుమిల్లు. తవుడు, ఊక దుమ్ము. నెలకే స్పాంజి గోనెసంచిలా అయిద్ది. కంప్రెషర్ నిండటానికి ఆలస్యమైతే కరెంటు తక్కువొస్తుందని లైన్‌మన్‌ని తిట్టుకునేవాణ్ని. దులిపితే సరిపోయింది.

జడ్చర్ల_ప్యాలెట్
విప్పే తమ్ముళ్లకు నా ఎడమ చేయి చూపుడువేలు చెప్తున్న మాట. పిన్ను ఇరుక్కుంది, పైపు పీకకుండనే ముక్కు తెరిచిన, కుడిచేయి ట్రిగ్గర్ మీదనే ఉంది. పట్టీ దూకింది. గోరు పక్కనుంచి పిన్ను ఇటు నుంచి అటు. నొప్పి కంటె ముందు సిగ్గనిపించింది, ఇరవై ఏండ్ల పని. టీటీ సూది, వారం రోజులు చేయి కట్టుకుని ముచ్చట్లు.
తుమ్మ కట్టెల, టేకు ముడి మీద కూడ జాగ్రత్త. పిన్ను ముడికి తాకి వంకర తిరిగి పక్కనుంచి బయటికొస్తది. చెక్క పట్టుకునే చేయి పిన్ను పొడుగు కంటె దూరంల ఉండాలె. కండ్లకు అద్దాలు.

కల్వకుర్తి_కొత్తపని
అన్నా ఒక డౌటు. సైటు మీద కరెంటు లేదు. వెల్డింగు దుకాణంల ఆక్సిజన్ సిలిండర్ ఉంది, రెగ్యులేటర్ పెట్టి గన్నుకు ఇయ్యొచ్చా?

పాలమూరు_కంప్రెషర్
వద్దు! గన్ను లోపల నూనె ఉంది, ఒత్తిడి మీద ఆక్సిజన్ దానికి తగిలితే అంటుకుని గన్ను చేతులనే పేలుతది. ఆక్సిజనే కాదు, ఏ గ్యాస్ సిలిండరూ వద్దు. ఉత్త గాలే. కరెంటు లేకుంటే ఆ పూట సుత్తె పట్టు.

దేవరకొండ_చెక్కపని
అన్నలూ, అయింది. కిట్టు దొరికింది, దాంట్లనే బంపర్ కూడ వచ్చింది. రింగులకు సిలికాన్ గ్రీజు సన్నగ పూసి ఎక్కించిన. మొదటిసారి మూత బిగించినంక నెత్తి మీద మళ్ల సుయ్ మంది, చూస్తే హెడ్ వాల్వు రింగు ఒక పక్క గాడి దాటి ఉంది. మళ్ల విప్పి సరిగ్గ పెట్టిన. ఇప్పుడు ఐదున్నర కేజీల మీద ప్లైవుడ్ల ముప్పై మిల్లీమీటర్ల పిన్ను తల మునుగుతుంది. ఒకటే వరుసల రెండు స్ట్రిప్పుల పిన్నులు కొట్టిన, ఒక్కటి ఉత్తగ పోలే.
కంప్రెషర్ కింద నట్టు తిప్పితే మొదట ఏం రాలే, తుప్పు పట్టి మూసుకుపోయింది. తీగె పెట్టి పొడిస్తే ఇటుక రంగు నీళ్లు లీటరున్నర దాక వచ్చినయ్. మా ఓనర్ పెంకులకు రంగేస్తున్నవా అన్నడు.

కొల్లాపూర్_డబ్బాలు
😂 మంచిగైంది తమ్మీ. పాలమూరన్నా, నాది చుట్టలుగ వచ్చే మొలలు కొట్టే గన్ను, ఒక్కసారి నొక్కితే రెండు కొడ్తుంది, అదేం కథ?

పాలమూరు_కంప్రెషర్
ముక్కును చెక్కకు ఆనించినంక ట్రిగ్గర్ నొక్కుతున్నవా, లేక ట్రిగ్గర్ పట్టుకునే ముక్కు తాకిస్తున్నవా? రెండోదైతే దెబ్బకు గన్ను ఎగిరి మళ్ల తాకి రెండోది పడ్తది. మొదటిదైతే ట్రిగ్గర్ వాల్వు. వీడియో తీసి పెట్టు, పైపు కనబడేటట్టు.