1936 డిసెంబరులో జస్టిస్ రాబర్ట్స్ వేసిన ఓటుకు ఆనాటి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?

అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కూ అమెరికా సుప్రీంకోర్టుకూ నడిచిన ఘర్షణపై డిగ్రీ విద్యార్థుల కోసం వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను.

1936 జూన్ 1న న్యూయార్క్ మహిళల కనీస వేతన చట్టం ఆ కోర్టులో 5-4 తేడాతో వీగిపోయింది. జస్టిస్ ఓవెన్ రాబర్ట్స్ ఆ అయిదుగురిలో ఒకరు. 1937 మార్చి 29న వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన అలాంటి చట్టమే 5-4తో నిలిచింది. ఈసారి రాబర్ట్స్ చట్టాన్ని నిలబెట్టినవారి వైపు ఉన్నారు. ఈ రెంటి మధ్య, ఫిబ్రవరి 5న, కోర్టులో ఆరుగురు కొత్త న్యాయమూర్తుల వరకు నియమించే బిల్లును రూజ్‌వెల్ట్ ప్రకటించారు. ఆయనకు భయపడే రాబర్ట్స్ మారారని చాలామంది తేల్చేస్తారు. అది తొందరపాటు తీర్పని నా నమ్మకం. బిల్లు ప్రకటనకు ముందే, 1936 డిసెంబరు 19న జరిగిన న్యాయమూర్తుల అంతర్గత సమావేశంలోనే రాబర్ట్స్ వాషింగ్టన్ చట్టానికి అనుకూలంగా ఓటేశారని చెబుతారు కదా! (నవంబరు ఎన్నికల్లో 48 రాష్ట్రాలకు 46 గెలిచిన రూజ్‌వెల్ట్ ప్రభావం లేదని మాత్రం అనలేను.)

రెండు తీర్పులూ పూర్తిగా చదివాను. రాబర్ట్స్ 1945లో రాసి ఇవ్వగా అదే కోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ 1955లో ప్రచురించిన వివరణా చూశాను. కానీ అది సంబంధిత వ్యక్తే ఏళ్ల తర్వాత చెప్పుకున్న మాట. రాబర్ట్స్ తన కాగితాలను కాల్చివేశారు. తర్వాతి వ్యాసాలు చాలావరకు ఆ వివరణ దగ్గరికే తిరిగి వస్తున్నాయి.

డిసెంబరు 19 ఓటును ధ్రువీకరించే, 1936-37లోనే మరో న్యాయమూర్తి రాసిన ఉత్తరం, డైరీ లేదా ఓట్ల పట్టిక ఏదైనా ఉందా? ఉంటే ఏ గ్రంథాలయంలో, ఎవరి పత్రాల్లో చూడాలి?