ములుగు 5.3, కిల్లారి 6.2: తేడా 0.9 మాత్రమేనా? గోడ బీటల్లో వేటికి భయపడాలి?

గోదారిగట్టు (ప్రశ్న):
2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కి ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం 5.3, లోతు 40 కి.మీ. అన్నారు. 1993లో మహారాష్ట్రలోని కిల్లారిది 6.2. ఒక్క పాయింటు కూడా తేడా లేదు కదా, అక్కడ ఊళ్లకు ఊళ్లే నేలమట్టమైతే ఇక్కడ చాలాచోట్ల గిన్నెలు కదిలి ఊరుకున్నాయేంటి? ఇంకోటి, మాది ఖమ్మంలో స్టిల్ట్ ప్లస్ 5 (కింద పిల్లర్ల మీద పార్కింగు, పైన 5 అంతస్తులు). గోడకీ పిల్లరుకీ మధ్య నిలువుగా సన్న గీత ఉంది. పట్టించుకోవాలా?

భూపొర:
సగం గందరగోళం పేపర్ల వల్లే. 5.3ని ‘తీవ్రత’ అని రాస్తారు. అది పరిమాణం, అంటే పుట్టినచోట విడుదలైన శక్తి లెక్క. ఒక భూకంపానికి ఒక్కటే ఉంటుంది. తీవ్రత అంటే మీరున్నచోట ఎంత ఊగిందన్నది, ఊరూరికీ మారుతుంది.

పరిమాణం 1 పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు. 0.9కే 22 రెట్లు. పైగా కిల్లారిది బాగా పైపైన పుట్టింది. ములుగులో సరిగ్గా దాని నెత్తిన నిలబడ్డవాడికి కూడా అది 40 కి.మీ. దూరమే. ఇక కిల్లారి ఇళ్లు: మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలు, వాటి మీద మందపాటి మట్టి కప్పు. తెల్లవారుజామున 4 కాకముందే, జనం నిద్రలో ఉండగా కూలాయి.

హైదరాబాద్, విజయవాడల దాకా తెలియడానికి కారణం మన పాత గట్టిరాయి. అలల్ని త్వరగా చల్లారనివ్వదు. మొదట చిన్న అదురు (పి తరంగం), కాసేపటికి ఊపు (ఎస్ తరంగం) వస్తాయి. మధ్య సెకన్లను 8తో గుణిస్తే సుమారు దూరం కిలోమీటర్లలో వస్తుంది.

పిల్లర్‌బీమ్:
మీ గీత మామూలుదే. ఇటుక, కాంక్రీటు వేర్వేరుగా కదులుతాయి. జాయింటు మీద చికెన్‌మెష్ (సన్న తీగల వల) కొట్టకుండా ప్లాస్టరింగు చేస్తే ఎండలకే విడుతుంది, భూకంపం దాన్ని బయటపెడుతుంది అంతే. గీత చివర్లలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి తేదీ వేయండి. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., దాని అంచు దూరితే ఇంజనీరుకి చూపించండి.

గోడకన్నా ముందు కిందికెళ్లి స్టిల్ట్ పిల్లర్లు చూడండి. పై అంతస్తుల్లో గోడలు బిగించి ఉంచుతాయి, పార్కింగులో గోడల్లేవు కాబట్టి ఊపంతా అక్కడి పిల్లర్ల మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపానికి 200 కి.మీ. పైన ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో ఇలాంటి అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. బీమ్ కింద, నేల దగ్గర ఏటవాలు బీట, పైనున్న కాంక్రీటు పొర (కవర్) ఊడి కనిపించే రాడ్లు, ఈ రెండూ ప్రమాదం. పిల్లరు రాడ్ల చుట్టూ కట్టే రింగుల కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంచాలి, బీమ్‌కి పైనా కిందా వాటి ఎడం 100 మి.మీ. దాటకూడదు. సైట్లలో 90కే వంచి వదిలేస్తారు. ఊపుకి అవి విచ్చుకుంటే రాడ్లు బయటికి ఉబ్బుతాయి.

గోదారిగట్టు:
కార్డు దూరలేదు. కానీ స్టిల్ట్‌లో మూల పిల్లరుకి బీమ్ కింద జానెడు ఏటవాలు గీత ఉంది. ఇంకా పెద్దది వస్తుందా?

భూపొర:
అనంతర ప్రకంపనల్లో పెద్దది అసలు భూకంపం కన్నా సగటున 1.2 తక్కువ ఉంటుంది, అంటే ఇక్కడ 4.1 చుట్టూ. అది సగటే, హామీ కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, దేశ భూకంప ప్రమాద పటంలో గోదావరి లోయని జోన్ 3లో (మధ్యస్థ ప్రమాదం) పెట్టింది ఊరికే కాదు.

పిల్లర్‌బీమ్:
ఆ పిల్లరు సంగతి ముందు చూడండి. బీట పడ్డచోట అరచేయంత ప్లాస్టరింగు మెల్లగా తీయించండి. గీత కాంక్రీటులోకి వెళ్లకపోతే మళ్లీ పూత పూయించండి చాలు. వెళ్తే పక్కన కార్లు తీయించి, బీమ్‌కి స్టీలు ప్రాపులు (ఊత స్తంభాలు) పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. మేస్త్రీతో సిమెంటు పూయించి మూసేయొద్దు, ఇంజనీరు వచ్చేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు.