తిమింగలం పంటిలో ఉన్నవి వలయాలా, పొరలా?

సైన్సు వ్యాసం ఒకటి తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. స్పెర్మ్ తిమింగలం పంటిని నిలువుగా రెండు చెక్కలు చేసి, నున్నగా అరగదీసి, ఆసిడ్‌లో నానబెడితే లోపల గీతలు వరసగా తేలతాయి. వాటిని లెక్కపెట్టి వయసు చెబుతారు. చెట్టుకు ‘వార్షిక వలయాలు’ అంటాం కదా అని ఇక్కడా ‘వలయాలు’ అని రాసేశాను. తర్వాత అనుమానం వచ్చింది. నిలువుగా కోసిన పంట్లో గుండ్రాలు ఎక్కడివి? కాగితం కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టుంటుంది ఆ అమరిక. పైగా చెట్టుకు కొత్త కలప బెరడు కింద, అంటే బయటివైపు చేరుతుంది. పంటి డెంటిన్‌లో (పైపూత కింద ఉండే గట్టి భాగంలో) కొత్తది లోపలికి, పంటి నడిమి గుజ్జువైపు చేరుతుంది. అందుకని ‘ఏటిపొర’ అని మార్చాను. ఎలా ఉంది?

– ‘ఏటిపొర’ అంటే నాకు గోదావరి ఒండ్రు గుర్తొచ్చిందండి! ఏరుకీ ‘ఏటి’యే, ఏడుకీ ‘ఏటి’యే. ‘ఏడాది పొర’ అనండి. అన్నట్టు, పళ్ళు చూసి వయసు కట్టడం మనకు కొత్తేం కాదు. ఎద్దుల బండలాగుడు పోటీల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలే ఉన్నాయి.

– అక్కడ లెక్క పళ్ళది, ఇక్కడ ఒక్క పంట్లోని పొరలది. నా పేచీ ‘ఏడాది’తోనే. బెలూగా తిమింగలాలకు ఏడాదికి రెండు పొరలు పడతాయని చాలాకాలం లెక్కవేశారు. 1950, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల సముద్రంలో కలిసిన రేడియోకార్బన్ (రేడియోధార్మిక కార్బన్) ఆనవాళ్ళను పంటి పొరల్లో వెతికి, ఏడాదికి ఒక్కటేనని 2006లో తేల్చారు. అంటే 60 పొరలున్న బెలూగాకు అంతకుముందు 30 ఏళ్ళే! పేరులోనే ‘ఏడాది’ పెడితే ఆ వాదనంతా తెలుగులో ఎలా చెబుతారు? ‘పెరుగుదల పొర’ చాలు.

– ఒప్పుకున్నాను, మార్చేస్తా. ఇంకో రెండు మాటలు కూడా చూడండి. పుట్టినప్పుడు పంటిలో పడే గుర్తుకు ‘పుట్టుక గీత’ అన్నాను. తల్లిపాలు తాగినంతకాలం పొరల్లో బరువైన నైట్రోజన్ (మామూలు నైట్రోజన్ కన్నా కాస్త బరువెక్కువ ఉండే రకం) పాలు ఎక్కువ, వేట మొదలయ్యాక తగ్గుతుంది. ఆ మలుపుకు ‘స్తన్యపాన విరమణ’ అని ఎవరో రాశారు. నేను ‘పాలు మరవడం’ అని పెట్టాను.

– ‘పాలు మరవడం’ భేష్. కానీ నైట్రోజన్ ‘పాలు ఎక్కువ’ పక్కనే తల్లిపాలు ఉంటే చదివేవాడు తికమకపడతాడు, ‘శాతం’ అనండి. మరి నీలి తిమింగలానికి పళ్ళే లేవుగా?

– దానికి చెవిలో గట్టిపడిన గులిమి పొరలు లెక్కపెడతారు. ‘కర్ణమలం’ అని మాత్రం ఎవరూ సూచించకండి!