షాపుకి వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ పెట్టొచ్చా? వైరుదే నయమా?

తెనాలి డీటీపీ:
నమస్తే అందరికీ. మాది తెనాలిలో చిన్న డీటీపీ, ఆన్‌లైన్ సర్వీసుల షాపు. ఐదు సిస్టమ్స్ ఉన్నాయి. పెళ్లి కార్డులు, అఫిడవిట్లు, దస్తావేజుల టైపింగ్, ఏదైనా నోటిఫికేషన్ పడితే అప్లికేషన్లు నింపడం, ఇదీ పని. కీబోర్డులు, మౌస్‌లు అన్నీ పాతబడ్డాయి, ఒక్కసారే మార్చేద్దామని చూస్తున్నా. డీలరేమో వైర్‌లెస్ కాంబో తీసుకోండి, టేబుల్ నీట్‌గా ఉంటుంది, వైరువి ఇప్పుడెవరు కొంటున్నారు అంటాడు. మా టైపిస్టు మాత్రం వైర్‌లెస్ పెడితే నేను టైప్ చెయ్యనని మొహం మీదే చెప్పేసింది. రేటులో తేడా నాకు పెద్ద లెక్క కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా టైపింగ్ నడిచే చోట ఏది నిలబడుతుందో వాడినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు గేమర్:
అన్నా, వైర్‌లెస్ అంటే లేటు అనే మాట ఎప్పటిదో. మామూలు ఆఫీస్ మౌస్ వైరుదైనా సెకనుకి 125 సార్లే కంప్యూటర్‌కి కబురు పంపుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. మంచి వైర్‌లెస్ గేమింగ్ మౌస్ సెకనుకి 1000 సార్లు పంపుతుంది, ఒక్క మిల్లీసెకను. కౌంటర్ స్ట్రైక్, వాలొరెంట్ లాంటి గేముల పోటీలకి దిగే ప్రొఫెషనల్స్‌లో చాలామంది చేతిలో ఇప్పుడు వైర్‌లెస్ మౌసే ఉంటుంది, లక్షల ప్రైజ్ మనీ ఉన్న చోట లేటయ్యే వస్తువు ఎవరైనా పట్టుకుంటారా? పైగా వైరు టేబుల్ అంచుకి తగిలి లాగుతుంటే ఆ చిరాకు వేరు. నేనైతే మళ్లీ వైరు ముట్టను.

సర్వీస్ బెంచ్:
తమ్ముడు చెప్పింది నిజమే, కాని అది ఐదారు వేల పైన పలికే మౌస్ సంగతి. డీలర్ కాంబో అని అంటగట్టేది అది కాదు. నేను సర్వీస్ చేసేవాణ్ణి, రెండు రకాలూ విప్పుతుంటాను కాబట్టి ఏది ఎక్కడ పోతుందో చెబుతా.

వైరు మౌస్ పోయేది దాదాపు ఒక్క చోటే, వైరు మౌస్‌లోకి దూరే మెడ దగ్గర. అక్కడ మడతపడీ మడతపడీ లోపల రాగి పోగు తెగుతుంది, పైన ప్లాస్టిక్ బాగానే కనిపిస్తుంది, వైరు ఒక పక్కకి వంచి పట్టుకుంటే పనిచేస్తుంది, వదిలితే పోతుంది. అక్కడిదాకా కత్తిరించి మళ్లీ సోల్డర్ చేస్తే సంవత్సరం నడుస్తుంది. కీబోర్డు వైరు అసలు కదలదు, అందుకే ఎలక కొరికితే తప్ప తెగదు.

వైర్‌లెస్‌లో మూడు చోట్ల పోతుంది. ఒకటి సెల్ కారడం. బాక్సులో ఇచ్చిన చవక సెల్ అలాగే నెలల తరబడి వదిలేస్తే కారి స్ప్రింగు మీద పేరుకుంటుంది, స్ప్రింగు తినేస్తుంది. రెండోది డాంగిల్, అంటే కంప్యూటర్‌కి గుచ్చే రిసీవర్. గోరంత ఉంటుంది, పోయిందంటే చాలా మోడల్స్‌కి విడిగా దొరకదు, కీబోర్డు, మౌస్ బంగారంలా ఉన్నా మూలన పడెయ్యాల్సిందే. మూడోది ఎవరూ పట్టించుకోనిది, డాంగిల్ ఎక్కడ గుచ్చుతారనేది. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు పక్కనే పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో పనిచేస్తుంటే దాన్నుంచి వచ్చే రేడియో గోల సరిగ్గా ఈ డాంగిళ్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. 2012లో ఇంటెల్ వాళ్లే దీని మీద పేపర్ రాశారు. మన షాపుల్లో సీపీయూ ఇనుప టేబుల్ కింద, గోడ వైపు తిరిగి ఉంటుంది, డాంగిల్ వెనకాల గుచ్చుతారు, ఆపైన మౌస్ ఎగిరెగిరి పోతుంది, కంపెనీని తిడతారు. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి డాంగిల్‌ని టేబుల్ మీదికి తీస్తే సగం కంప్లైంట్లు అక్కడే తీరిపోతాయి.

ఓరుగల్లు గేమర్:
అయితే లోపం వైర్‌లెస్‌ది కాదు, పెట్టిన చోటుది. అదే నేననేది.

రాత్రి షిఫ్ట్:
లేటు, సెల్ సంగతి పక్కన పెట్టండి. మీ షాపులో టైప్ అయ్యేవి ఏంటండీ? ఆధార్ నంబర్లు, ఓటీపీలు, వేరేవాళ్ల పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు. అసలు ప్రశ్న అక్కడుంది. నాకు సెక్యూరిటీ టెస్టింగ్‌లో పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

2016 ఫిబ్రవరిలో బాస్టీల్ అనే సంస్థ మౌస్‌జాక్ అని ఒక లోపాన్ని బయటపెట్టింది. లాజిటెక్, మైక్రోసాఫ్ట్, డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి పెద్ద పేర్లన్నీ అందులో ఉన్నాయి. కీబోర్డు నుంచి వెళ్లే సంకేతాలకి ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా తాళం, ఉంచి, మౌస్ కదిలితే ఏం రహస్యం అని మౌస్‌వి తెరిచి వదిలేశారు. దాంతో దూరం నుంచి ఎవడైనా మౌస్‌లా నటిస్తూ డాంగిల్‌కి కీబోర్డు అక్షరాలు పంపొచ్చు, డాంగిల్ నమ్మి కంప్యూటర్‌కి ఇచ్చేస్తుంది. దానికి కావలసింది వెయ్యి రూపాయలకి అటూఇటుగా దొరికే చిన్న రేడియో పరికరం, వంద మీటర్ల దాకా పనిచేస్తుందన్నారు. అదే ఏడాది జులైలో వాళ్లే కీస్నిఫర్ అని ఇంకొకటి చూపించారు. అది ఇంకా ఘోరం. ఎనిమిది కంపెనీల చవక కీబోర్డులు అసలు ఎన్‌క్రిప్షనే లేకుండా, నొక్కిన ప్రతి అక్షరాన్నీ ఉన్నదున్నట్టు గాల్లోకి వదులుతున్నాయి. ఊరూపేరూ లేని కాంబోల్లో ఏ చిప్ ఉందో బాక్సు మీద ఉండదు. మీ సొంత పాస్‌వర్డ్ అయితే మీ ఇష్టం. కస్టమర్‌ది మాత్రం మీ చేతుల్లో పెట్టిన నమ్మకం కదా.

డల్లాస్ నుంచి:
మేడమ్, మీరు చెప్పినవన్నీ 2016వి. వాటిలో కొన్ని డాంగిళ్లకి ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ ఇచ్చారు, 2021లో లాజిటెక్ బోల్ట్ అని బ్లూటూత్ మీద గట్టి ఎన్‌క్రిప్షన్‌తో కొత్త రిసీవర్ తెచ్చింది. ఇక్కడ మా ఆఫీసులో అందరివీ అవే, ఐటీ వాళ్లే ఇస్తారు. తెనాలిలో ఒక జెరాక్స్ షాపు ఎదురుగా యాంటెన్నా పట్టుకుని కూర్చునేవాడు ఎవడండీ? ఓటీపీ కావాలంటే ఫోన్ చేసి అడిగేస్తున్నారు, మనవాళ్లు చెప్పేస్తున్నారు. అసలు ప్రమాదం అక్కడుంటే కీబోర్డు చుట్టూ భయం పెంచడం దేనికి?

రాత్రి షిఫ్ట్:
ఆ అప్‌డేట్ మన ఊళ్లో ఎవరు వేస్తారు సార్? డాంగిల్‌కి కూడా అప్‌డేట్ ఉంటుందని తెలిసిన షాపు ఒక్కటి చూపించండి. పైగా కొన్ని డాంగిళ్లలోని ప్రోగ్రాంని మార్చే వీలే లేదు, అవి ఎలా వచ్చాయో అలాగే ఉంటాయి. బ్లూటూత్ అన్నారు, 2023 డిసెంబర్‌లో దానిలోనూ ఒకటి బయటపడింది. ఎవరి అనుమతీ అడగకుండా నకిలీ కీబోర్డు ఫోన్లకి, కొన్ని కంప్యూటర్లకి జతైపోయే లోపం. దానికీ ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, వచ్చింది, వేసుకున్నవాళ్లకి ఇబ్బంది లేదు. ఫోన్ మోసాలు ఎక్కువనేది ఒప్పుకుంటా, అయితే ఒక తలుపు తెరిచి ఉందని రెండో తలుపుకి గడియ వెయ్యకుండా ఉంటామా? మీ ఆఫీసులో ఐటీ వాళ్లు ఉన్నారు. ఈయన షాపులో ఈయనే ఐటీ.

పాలిటెక్నిక్ మేడమ్:
మా కాలేజీ ల్యాబ్ వరకు చెబుతాను. ల్యాబ్‌లో వైర్‌లెస్ అనే మాటే లేదు, ఉండకూడదు కూడా. పిల్లలు పక్క సిస్టమ్ మౌస్ ఇటు జరుపుతారు, ఇటుది అటు పెడతారు, ఏ డాంగిల్ ఏ మౌస్‌దో తేల్చుకోవడానికే పీరియడ్ అయిపోతుంది. వైరు ఉంటే వస్తువు దాని చోటునే ఉంటుంది, ఎవరి జేబులోకీ పోదు. జేఈఈ మెయిన్ లాంటి కంప్యూటర్ పరీక్షల్లో కీబోర్డు ముట్టుకోకూడదు, అంకెలు కూడా స్క్రీన్ మీద ఉన్న కీప్యాడ్‌లో మౌస్‌తోనే నొక్కాలి. మూడు గంటలు పిల్లవాడి భవిష్యత్తంతా ఆ ఒక్క మౌస్ మీద ఉంటుంది. మధ్యలో సెల్ అయిపోయిందంటే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

కాని సెమినార్ హాల్లో మాత్రం నేనే పట్టుబట్టి వైర్‌లెస్ పెట్టించాను. ప్రొజెక్టర్ కంప్యూటర్ మూలన ఉంటుంది, పాఠం చెప్పేది ఇక్కడ నుంచుని. ఇంట్లో కూడా అంతే, కుడి మణికట్టు నొప్పికి డాక్టర్ చెయ్యి మార్చి వాడమన్నాక కీబోర్డుని ఒడిలోకి, మౌస్‌ని ఎడమ పక్కకి జరుపుకోవడానికి వైర్‌లెస్ నాకు చాలా ఆసరాగా ఉంది. ఈ మాట ఎవరూ అనలేదని రాస్తున్నాను.

ఇన్‌స్క్రిప్ట్ చేతులు:
అందరికీ నమస్కారం. వైర్‌లెస్ పెడితే టైప్ చెయ్యనన్న ఆ టైపిస్టుని నేనే. ఓనర్ గారే చదవమని ఫోన్ ఇచ్చారు, కాబట్టి నా మాట కూడా వినండి.

పాత షాపులో నాకు వైర్‌లెస్ కీబోర్డు ఇచ్చారు, అక్కడ పడ్డ బాధ చెబుతాను. సెల్ మిగలడానికి అది కాసేపు ముట్టుకోకపోతే నిద్రలోకి పోతుంది. పార్టీతో మాట్లాడి, కాగితం చూసి, మళ్లీ వేళ్లు పెడతాను. మొదటి ఒకటి రెండు అక్షరాలు మింగేస్తుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం పోతే కింద ఎర్ర గీత వస్తుంది, తెలుగుకి మా సిస్టమ్‌లో ఆ దిక్కు లేదు. నేను కొట్టే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో 'ప్ర' రావాలంటే మూడు నొక్కులు, ప, పొల్లు, ర. ఆ మధ్య నొక్కు గాలికి పోయిందంటే 'ప్రతివాది' కాస్తా 'పరతివాది' అవుతుంది. 'భ'కి షిఫ్ట్ పట్టుకోవాలి, షిఫ్ట్ అందకపోతే 'భూమి' 'బూమి' అవుతుంది. నేను స్క్రీన్ చూస్తూ కొట్టను, కాగితం చూస్తూ కొడతాను, టైపింగ్ నేర్చుకున్నవాళ్లందరూ అంతే. దస్తావేజులో సర్వే నంబరు 142 బదులు 42 పడితే, అది రిజిస్ట్రేషన్ దాకా వెళితే, ఆ మాట పడేది నేను. డీలర్ కాదు, గేమర్ తమ్ముడూ కాదు.

ఇంకొకటి. చాలా వైర్‌లెస్ కీబోర్డులకి క్యాప్స్ లాక్ లైటే ఉండదు, అది కూడా సెల్ ఖర్చని తీసేస్తారు. కస్టమర్ పాస్‌వర్డ్ చెబుతాడు, కొడితే చుక్కలే కనబడతాయి, క్యాప్స్ పడిందో లేదో తెలియదు. రెండు మూడు సార్లు తప్పైతే అకౌంట్ లాక్. అవతల చివరి తేదీ, బయట క్యూ. ఒక మామూలు కీబోర్డు, వైరుది, లైటు ఉన్నది, అంతే నేనడిగేది.

ఓరుగల్లు గేమర్:
అక్కా, నిద్రలోకి పోయేది చవకవాటిలోనే ఎక్కువ, మంచివి లేచేసరికి కనురెప్ప వాల్చినంత కూడా పట్టదు. క్యాప్స్ లాక్‌కి కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే స్క్రీన్ మీద చూపిస్తుంది. కాని పార్టీ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ నమ్ముకో అని నేను చెప్పను, లైటు ఉంటేనే మంచిది. కీబోర్డు విషయంలో మీరే కరెక్ట్. మౌస్ మాత్రం వదలను. పెళ్లి కార్డు డిజైన్ చేసేవాళ్లకి రోజంతా చెయ్యి తిరిగేది మౌస్ మీదే, ఆ వైరు బరువు సాయంత్రానికి మణికట్టుకి తెలుస్తుంది. ఒక్క డిజైన్ సిస్టమ్‌కైనా పెట్టండి.

రాత్రి షిఫ్ట్:
మౌస్‌జాక్ వచ్చింది మౌస్ డాంగిల్ లోంచే అని పైన రాశాను. డిజైన్ సిస్టమ్‌లో అప్లికేషన్లు, బ్యాంకు పనులు చెయ్యరు అంటే నాకు అభ్యంతరం లేదు. అదే సిస్టమ్‌లో రెండూ చేస్తారంటే వద్దు.

తెనాలి డీటీపీ:
డిజైన్‌కి ఒక సిస్టమ్ విడిగానే ఉంది, దాంట్లో కోరెల్‌డ్రా, ఫోటోషాప్ తప్ప ఇంకేం తెరవం. దానికి ఒక మంచి కంపెనీ వైర్‌లెస్ మౌస్ పెడదాం, మిగతా నాలుగింటికీ అన్నీ వైరువే. డల్లాస్ అన్నయ్య చెప్పినట్టు భయపడి కాదు, మా టైపిస్టు అమ్మాయి చెప్పిన సర్వే నంబరు మాట నాకు గట్టిగా తగిలింది. ఒక్క సందేహం, ఆ ఒక్క మౌస్‌కి సెల్ వేసేది తీసుకోవాలా, చార్జింగ్‌దా?

డల్లాస్ నుంచి:
చార్జింగ్‌దైతే చార్జ్ పెడుతూ వాడుకునేలా ముందు వైపు పోర్టు ఉందో లేదో చూసుకోండి. యాపిల్ మ్యాజిక్ మౌస్‌కి 2015 నుంచీ ఆ పోర్టు కింద అడుగున ఉంటుంది, చార్జ్ అవుతున్నంతసేపు బోర్లా పడుకోబెట్టాల్సిందే. అంత పెద్ద కంపెనీ అలా చెయ్యడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భయం విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను, ఇంట్లో వాడుకునేవాళ్లు ఈ చర్చ చదివి ఉన్నవి పారెయ్యకండి.

సర్వీస్ బెంచ్:
షాపుకైతే సెల్‌దే తీసుకోండి. లోపల బ్యాటరీ ఉన్నది రెండు మూడేళ్లకి పట్టు తగ్గుతుంది, మార్చాలంటే అడుగున అంటించిన జారుడు రబ్బర్లు పీకి, వాటి కింద దాక్కున్న స్క్రూలు తియ్యాలి, ఆ సైజు బ్యాటరీ తెనాలిలో దొరకాలి. సెల్ అయితే పక్క కిరాణా కొట్లో దొరుకుతుంది. గోడ గడియారంలో వేసే చవక రకం వద్దు, ఆల్కలైన్ వెయ్యండి. రీచార్జబుల్ సెల్ వేస్తే అది 1.2 వోల్టులే, ఆల్కలైన్ 1.5 ఇస్తుంది, అందుకని కొన్ని మౌస్‌లు నిండు సెల్‌కే బ్యాటరీ తక్కువ అని చూపిస్తాయి, కంగారు పడకండి. సంక్రాంతికో దసరాకో షాపు నాలుగు రోజులు మూస్తే సెల్ తీసి పక్కన పెట్టండి. డాంగిల్ మాత్రం ఎక్స్‌టెన్షన్ వైరు మీదే ఉంచండి, పైన టేబుల్ మీద, మానిటర్ స్టాండ్‌కి టేపు వేసి అంటించేస్తే ఊడ్చేటప్పుడు పోదు. వైరు కీబోర్డులు కొనేటప్పుడు తెలుగు అక్షరాలు అచ్చేసినవి అడగనక్కర్లేదు, మీ టైపిస్టుకి ఎలాగూ అవి చూసే పని లేదు.